వేగం తగ్గించిన మా మరిది

మా మరిదికి నిదానం అంటే గిట్టదు. అన్నం నిలబడి తింటాడు. చొక్కా గుండీలు మెట్లు దిగుతూ పెట్టుకుంటాడు కాబట్టి ఎప్పుడు చూసినా చొక్కా ఒక కొస పైకీ, ఒక కొస కిందకీ ఉంటుంది. మనం మాట మొదలుపెడితే చాలు, మిగతా సగం తనే పూర్తి చేసేస్తాడు, అదీ తప్పుగా. ఒకసారి పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, కాస్త పక్కకి జరగమని చెబుదామని "పాలు..." అన్నానో లేదో, గుమ్మం దాటి పరిగెత్తి ఇంకో ప్యాకెట్టు కొనుక్కొచ్చాడు. పొంగిన పాలు తుడుస్తూ నేను పెట్టిన చీవాట్లు కూడా సగమే విన్నాడు. వీధిలో అందరూ అతన్ని రాకెట్టు అంటారు. నేనూ అలాగే పిలుస్తాను, మొహం మీదే.

ఈ రాకెట్టుకి నేను ఎంత రుణపడి ఉన్నానో ఇంతవరకూ ఒక్కసారి కూడా సరిగ్గా చెప్పలేదు. చెప్పబోతే వింటే కదా! "ఆ, సరే వదినా, అర్థమైంది" అని లేచి పోతాడు. ఏమర్థమైందో నాకు తెలీదు, అతనికీ తెలీదు. అందుకే రాస్తున్నాను. కాగితం మీదైతే అడ్డు తగల్లేడు.

మా ఆయన కారు నడపడం నేర్పే మాస్టారు. తమ్ముడికీ ఆయనకీ వయసులో చాలా తేడా. అమ్మానాన్నలు తొందరగా పోవడంతో ఆ పిల్లాణ్ణి పెంచింది ఈయనే. నేను కాపురానికి వచ్చేసరికి మా మరిది కాలేజీలో ఉన్నాడు, ఇంట్లో రేడియో, మిక్సీ, గోడ గడియారం అన్నీ విప్పి పడేసి ఉన్నాయి. తమ్ముడికి కారు నేర్పింది కూడా మా ఆయనే. నేర్పారు గానీ లైసెన్సు పరీక్షకి మాత్రం చాలాకాలం తీసుకెళ్ళలేదు. "వీడికి బ్రేకు ఎక్కడుందో తెలుసు, ఎందుకుందో తెలీదు" అనేవారు.

మా ఆయన గొంతు గురించి కూడా చెప్పాలి. కారు అద్దాలు నాలుగూ మూసి ఉన్నా, "క్లచ్చు! మెల్లగా వదలండి, మెల్లగా!" అన్న అరుపు వీధి చివరి దాకా వినపడేది. ఆ అరుపులో కోపం ఉండదు. ఎంతమంది ఏడుపు మొహాలతో వచ్చి ఆ గొంతు పట్టుకుని రోడ్డెక్కారో. ఇంట్లోనూ అదే గొంతు. గదిలో నాతో రహస్యం చెబితే పక్కింటావిడ జవాబిచ్చేది. నేను తల బాదుకునేదాన్ని.

మరిదిది కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. ఒకవైపు జిరాక్సు కొట్టు, ఇంకోవైపు దర్జీ, మధ్యలో ఇతను. ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి నడవాల్సినంత ఇరుకు. బల్ల మీద స్టీలు గ్లాసులో స్క్రూడ్రైవర్లు, విప్పిన ఫ్యాన్లు, మూత లేని డబ్బాల్లో మరలు. ఎవరి మరలు ఎవరి కంప్యూటరువో దేవుడికే తెలియాలి. అయినా పని మాత్రం బాగా చేస్తాడు, అది ఒప్పుకోవాలి.

అతనికి ఒక పిచ్చి ఉంది. కంప్యూటర్లో మెమరీ అని సన్నటి పలకలుంటాయి. పని చేస్తున్నంతసేపూ కంప్యూటరు అన్నీ వాటి మీదే రాసుకుంటూ, చదువుకుంటూ, చెరుపుకుంటూ ఉంటుందట. వాటిని తయారుచేసినవాళ్ళు ఇంత వేగంతో నడపండి అని పెట్టె మీద అచ్చువేసి ఇస్తారు. మా మరిదికి ఆ అంకె చూస్తే తలకొట్టేసినట్టుంటుంది. దాన్ని దాటించి నడపాల్సిందే. ఓవర్‌క్లాకింగ్ అంటారట దాన్ని. ఆ ఒక్క పనిలో మాత్రం ఎక్కడలేని ఓపికా వస్తుంది. ఒక మెట్టు వేగం పెంచుతాడు, మెమరీని పరీక్షించే ప్రోగ్రాము ఒకటి పెడతాడు, కొట్టు తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా దాన్ని అలా నడవనిస్తాడు. ఒక్క తప్పు కూడా రాకపోతే అప్పుడు ఇంకో మెట్టు. పరీక్ష పెట్టకుండా ఏ కంప్యూటరూ గడప దాటదని అందరికీ చెప్పుకునేవాడు.

అలా ముచ్చటపడి తనకోసం కట్టుకున్న కంప్యూటరు ఒకటి మా ఇంట్లో ఉండేది. కొట్టులో దుమ్ము అని తెచ్చి మా సామాన్ల గదిలో పెట్టాడు. అది నడుస్తోందో లేదో చెవి ఆనించినా తెలీదు, అంత నిశ్శబ్దం. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళ కంటే ముందు దాన్ని చూపించేవాడు. మా ఆయన మాత్రం, "నడవమన్నంత వేగంలో నడిపితే నీ సొమ్మేం పోయిందిరా?" అనేవారు. అన్నదమ్ముల మధ్య అదొక కాలక్షేపం.

అప్పుడే మా ఆయనకి గొంతు బొంగురుపోవడం మొదలైంది. అరిచి అరిచి పోయిందిలే అనుకున్నాం. కాదు, గడ్డ అన్నారు. స్వరపేటిక మొత్తం తీసేస్తే ప్రాణానికి భయం లేదన్నారు పెద్ద డాక్టరు. ప్రాణం దక్కుతుందని నేను దణ్ణం పెట్టాను. బయటికొచ్చాక గాని, ఇక మాట ఉండదన్న సంగతి నా బుర్రకెక్కలేదు. ఆస్పత్రి మెట్ల మీద అలాగే కూలబడ్డాను.

ఆ ఆస్పత్రిలోనే మాటలు నేర్పే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. ఆవిడే దారి చూపించింది. ఆపరేషన్‌కి ముందే ఆయన చేత తాము ఇచ్చిన వాక్యాలన్నీ చదివించి రికార్డు చేస్తే, ఆ గొంతును పట్టుకుని కంప్యూటరులో అచ్చం అలాంటి గొంతు తయారుచేస్తారట. తర్వాత ఆయన ఏది టైపు చేస్తే అది ఆయన గొంతుతోనే పలుకుతుంది. "కానీ రికార్డింగు శుభ్రంగా ఉండాలి. ఆపరేషన్ అయిపోయాక ఇక మనం చెయ్యగలిగేది ఏమీ ఉండదు" అంది. ఆపరేషన్ తేదీ దగ్గరలోనే ఉంది.

మా మరిది ఎగిరి గంతేశాడు. "మన కంప్యూటరు ఉండగా ఇంకెక్కడికో ఎందుకు వదినా! చప్పుడే చెయ్యదు కదా!" అన్నాడు. సామాన్ల గది గోడలకి పరుపులు నిలబెట్టి, కిటికీకి రగ్గులు కట్టి, ఎక్కడినుంచో మంచి మైకు తెచ్చాడు. ఫ్యాను ఆపేశాం. ఫ్రిజ్జు ప్లగ్గు పీకేశాం. పక్కింటావిడ కూడా పాపం మిక్సీ వాడటం మానేసింది.

ఆ పొద్దున ఇంకో ఉపకారం కూడా చేశాడు. మదర్‌బోర్డు తయారుచేసినవాళ్ళు కొత్త ఫర్మ్‌వేర్ ఏదో విడుదల చేశారట. కంప్యూటరు కళ్ళు తెరవగానే లోపల ఏ భాగాన్ని ఎలా నడపాలో చెప్పేది అదేనట. అన్నయ్య పనికి అంతా తాజాగా ఉండాలని దాన్ని ఎక్కించాడు. ఎక్కిస్తే, అతను ముచ్చటగా పెట్టుకున్న వేగాల అంకెలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. అవి అతనికి కంఠతా వచ్చు కదా, టకటకా మళ్ళీ కొట్టేశాడు. తెర చక్కగా వెలిగింది. అప్పటికే మా ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మైకు ముందు కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఫొటో తీయించుకోబోతున్నట్టు దువ్వెనతో తల కూడా దువ్వుకున్నారు. ఆయన్ని కూర్చోబెట్టి పరీక్ష ఏం పెడతానులే అనుకున్నాడు మా మరిది.

ఆయన చదివారు. చెమటలు కక్కుకుంటూ, మధ్యమధ్యలో గోరువెచ్చని నీళ్ళు తాగుతూ, రోజుల తరబడి చదివారు. కంప్యూటరు ఒకటి రెండుసార్లు తనంతట తనే ఆగి మళ్ళీ మొదలైంది. "కొత్త ఫర్మ్‌వేర్ కదా, సర్దుకుంటుంది" అన్నాడు మరిది. మొత్తం అయిపోగానే వినే ఓపిక కూడా లేక అన్నీ కట్టగట్టి డాక్టరమ్మకి పంపించేశాడు.

ఆవిడ మమ్మల్ని పిలిపించింది. చాలా మర్యాదగానే చెప్పింది. మాటలు మధ్యలో తెగిపోతున్నాయి, చిటపటలు వినపడుతున్నాయి, వీటితో గొంతు తయారు కాదు అంది. "బాగా అలసిపోయారేమో. తయారుగా ఉన్న గొంతులు ఉంటాయి, వాటిలో ఒకటి ఎంచుకోవచ్చు" అని రెండు మూడు వినిపించింది కూడా. ఎవరివో గొంతులు. ఎంత స్పష్టంగా ఉన్నాయో! నాకు వాటిని పట్టుకుని కొట్టాలనిపించింది.

ఇంటికొచ్చి మేమూ పెట్టుకుని విన్నాం. నిజమే. పలుకు మధ్యలో టిక్కుమని విరగడం, మాట చివర మింగేసినట్టు పోవడం. ఆయన ఎదురుగా కూర్చుని మాట్లాడితే బొంగురుగా ఉన్నా బాగానే వినపడేది మాకు. అయినా మా చెవుల్ని మేం నమ్మలేదు, కంప్యూటర్ని నమ్మాం. గడ్డ ముదిరిపోయిందనుకున్నాం. అందరికంటే ఎక్కువ ఆయనే అనుకున్నారు. "పోనీలే" అన్నారు. ఆ తర్వాత మాట్లాడటం మానేశారు.

ఆపరేషన్ ఇంకా కాలేదు, గొంతు ఇంకా ఉంది, అయినా ఆ మనిషి మాట్లాడరు! కాఫీ కావాలంటే గ్లాసు చూపిస్తారు. కోపం తెప్పిస్తే అయినా అరుస్తారేమోనని ఉప్పు లేకుండా వండి పెట్టాను. మారుమాట లేకుండా తినేశారు. వంటింట్లోకి వచ్చి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

గదిలో సామాను తీసెయ్యమని ఆయనే తమ్ముడికి చేత్తో సైగ చేశారు. ఒక మధ్యాహ్నం మరిది పరుపులు దించుతుంటే నేను రగ్గులు మడతపెడుతున్నాను. మైకు ఎక్కడినుంచి తెచ్చాడో వాళ్ళకి తిరిగివ్వాలి కాబట్టి, పనిచేస్తోందో లేదో చూద్దామని మా ఆయన కుర్చీలో మరిదే కూర్చున్నాడు. తెర మీదున్న వాక్యాన్ని ఎప్పట్లాగే గబగబా చదివేశాడు. "రేపు వాన పడేలా ఉంది, గొడుగు తీసుకెళ్ళు." చదివి, వినిపించే మీట నొక్కాడు.

"రేపు వాన పడే" టిక్. "గొడు" టిక్. చివరి మాట సగానికి తెగిపోయింది.

"అదేంటి, నీ గొంతుకేం రోగం?" అన్నాను నేను.

అతను కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. మళ్ళీ చదివాడు, ఈసారి నిదానంగా. మళ్ళీ విన్నాం. ఈసారి టిక్కులు వేరే చోట్ల పడ్డాయి. అతని మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. ఆ మెమరీ పరీక్ష ప్రోగ్రామును పెట్టాడు. కాసేపటికే తెర మీద ఎర్రటి వరసలు ఒకదాని కింద ఒకటి పడటం మొదలైంది. ఒక్క తప్పు కూడా రాకూడని పరీక్ష అది.

"వదినా" అన్నాడు. "అన్నయ్య గొంతు కాదు. ఇది నా పని."

నాకు అర్థం కాలేదు. అతను చెప్పడం మొదలుపెట్టాడు. నా జన్మలో మొదటిసారి మా మరిది ఒక మాటని మొదలు నుంచి చివరిదాకా చెప్పగా విన్నాను. కొత్త ఫర్మ్‌వేర్ వచ్చాక బోర్డు ఆ మెమరీని నడిపే తీరే మారిపోయింది. పాత దాని కింద ఏళ్ళ తరబడి హాయిగా నడిచిన అంకెలు కొత్త దాని కింద నడవలేదు. తెర వెలిగింది కదా అని బాగుందనుకున్నాడు. లోపల అది రాసుకునేది ఒకటి, తిరిగి చదివేది ఇంకొకటి. అన్నయ్య చదివిన ప్రతి మాటా దాని మీంచే పోయింది.

"పరీక్ష పెట్టకుండా ఏ కంప్యూటర్నీ గడప దాటించనంటావే!"

"పెట్టలేదు వదినా. అన్నయ్య కూర్చుని ఉన్నాడని పెట్టలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ తొందర తగలెయ్య! ఉన్న కాస్త గొంతునీ అరగదీసి ఆ మనిషి చదివితే, దాన్ని బూడిద చేశావు కదయ్యా! నిన్ను ఏమనాలి?" అని నోటికొచ్చినట్టు తిట్టాను. తల దించుకుని అన్నీ పడ్డాడు. మధ్యలో ఒక్కసారి కూడా సరే వదినా అనలేదు. తిట్టి తిట్టి నాకే ఆయాసం వచ్చింది.

కాస్త తేరుకున్నాక నేనే అన్నాను. "సరే, అయిందేదో అయింది. ఆయనకి మాత్రం చెప్పకు. ఆపరేషన్ ముందు ఈ బాధ కూడా ఎందుకు? నువ్వు ఆయన పెంచిన తమ్ముడివి. గుట్టుగా బాగుచేసి, ఇంకోసారి చదవమని బతిమాలదాం."

మా మరిది తల అడ్డంగా ఊపాడు. "బతిమాలితే చదవడు వదినా. తన గొంతే పోయిందనుకుంటున్నాడు. అది కాదని ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పాలంటే నేను చేసింది చెప్పాలి."

చెప్పులు కూడా వేసుకోకుండా వాకిట్లోకి వెళ్ళాడు. మా ఆయన అక్కడ కారు అద్దం తుడుస్తున్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. అన్నయ్య ముందు నిలబడి, పరీక్ష పెట్టలేదన్న మాటతో సహా, ఏదీ దాచకుండా చెప్పేశాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. అంత మనిషి, వీధిలో, అందరూ చూస్తుండగా.

మా ఆయన చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. తమ్ముడి వంక చూశారు. చెయ్యి చేసుకుంటారేమో అనుకున్నాను.

"అంటే, నా గొంతు బాగానే ఉందా?" అన్నారు. బొంగురుగా, కానీ గట్టిగా. పక్కింటావిడ కిటికీ తలుపు తీసింది.

"బాగానే ఉందన్నయ్యా. అప్పుడూ బాగానే ఉంది."

"మరి ఏడుస్తావేంరా దరిద్రుడా! వెళ్ళి మైకు పెట్టు!"

ఆ తిట్టు విని నేను గుమ్మంలోనే చేతులు జోడించాను. దేవుడికో, మరిదికో నాకే తెలీదు.

పాత ఫర్మ్‌వేర్‌కి వెనక్కి వెళదామంటే ఆ బోర్డు ఒప్పుకోలేదట. కొట్టులోంచి వేరే కంప్యూటరు తెద్దామంటే దాని ఫ్యాను రొదకి మాటే వినపడదు. అందుకని మా మరిది కూర్చుని, తను ముచ్చటపడి పెంచుకున్న అంకెలన్నీ ఒక్కొక్కటే తీసేసి, పెట్టె మీద అచ్చువేసి ఉన్న వేగానికి దించేశాడు. పరీక్ష పెట్టి, ఆ గది గుమ్మంలోనే ముక్కాలి పీట వేసుకుని కాపలా కూర్చున్నాడు. అన్నం అక్కడికే పట్టుకెళ్ళి ఇచ్చాను. కూర్చుని తిన్నాడు! ఒక్క ఎర్ర గీత కూడా పడలేదు. అయినా నమ్మకుండా మళ్ళీ ఇంకోసారి పెట్టాడు. కుర్చీలో మా ఆయన సణుగుతూనే ఉన్నారు, "ఇప్పుడు బ్రేకు దొరికిందా నీకు" అని. ఎంత సణిగినా మా మరిది మాత్రం లేవలేదు.

రెండోసారి చదవడం మొదటిసారి కంటే కష్టమైంది. ఆయన నిజంగానే అలసిపోయేవారు. కాసేపు చదివి, చాలాసేపు పడుకునేవారు. ఒక్కో వాక్యం అవగానే మరిది చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని మొదటి నుంచి చివరిదాకా వినేవాడు. నమ్మకం చాలక పక్కన ఫోనులో కూడా రికార్డు చేసి రెండూ పోల్చుకునేవాడు. డాక్టరమ్మ ఇచ్చినవి అయ్యాక, మన సొంత మాటలు కూడా చదవొచ్చని చెప్పింది కదా అని మా ఆయన కారు నేర్పేటప్పుడు తను అనే మాటలన్నీ అందుకున్నారు. క్లచ్చు మెల్లగా, అద్దం చూడండి, భయమెందుకమ్మా నేనున్నాను కదా. ఆ చివరిది చదువుతుంటే నేను పరుపు చాటుకి వెళ్ళిపోయాను. ఆస్పత్రికి బయల్దేరే ముందు రోజు సాయంత్రానికి అన్నీ పూర్తయ్యాయి. ఈసారి డాక్టరమ్మ విని, "ఇది కదా గొంతంటే!" అంది.

ఆపరేషన్ బాగా జరిగింది. మా ఆయన నాకు దక్కారు. కానీ ఆ తర్వాత ఇంట్లో ఎంత నిశ్శబ్దమో చెప్పలేను. ఒకప్పుడు తల బాదుకున్నదాన్ని, ఆ గోల కోసం చెవులు కోసుకున్నాను. మరిది కొట్టు నుంచి వచ్చి అన్నయ్య పక్కన కూర్చునేవాడు.  ఆయన చేతులు నొక్కేవాడు, గొంతు దగ్గర గుడ్డ మార్చేవాడు. నాకంటే ఒడుపుగా మార్చేవాడు.

మా మరిది మారిపోయాడని మాత్రం చెప్పను. గుండీలు ఇప్పటికీ వంకరే. మొన్న నేను "ఉల్లి..." అంటే వెల్లుల్లి తెచ్చాడు. కానీ తప్పు చెయ్యనివాడు ఎవడు? ఆ రోజు నేనే దాచమని నేర్పితే, నా మాట వినకుండా వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. వెళ్ళకపోయి ఉంటే మా ఆయన తన గొంతు పాడైపోయిందన్న దిగులుతోనే ఆపరేషన్ బల్ల ఎక్కేవారు. ఇప్పుడు మా ఇంట్లో ఎవడిదో గొంతు మాట్లాడుతూ ఉండేది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది. నాయనా రాకెట్టూ, నువ్వు చల్లగా ఉండాలి.

గొంతు తయారైందని పిలుపు వచ్చిన రోజు మేమిద్దరమే ఆస్పత్రికి వెళ్ళాం. మరిదికి కొట్టులో పని ఉందని అతనికి చెప్పలేదు. డాక్టరమ్మ ఆ గొంతును ఒక టాబ్లెట్టులో ఎక్కించి, ఎలా వాడాలో చూపించి ఇచ్చింది. అక్కడ ఏమైనా పలికించమంటే మా ఆయన ఒప్పుకోలేదు. ఇంటికి వెళ్ళాక అన్నట్టు సైగ చేశారు. సరే, మొదటి మాట నాతోనే అన్నమాట అనుకుని, దారి పొడుగునా లోలోపల మురిసిపోయాను.

ఇంటికొచ్చి కూర్చున్నాక ఆయన నా ఫోను తీసుకుని తమ్ముడి నంబరు చూపించారు. నా మొహంలో ఏం కనపడిందో గాని, చిన్నగా నవ్వి నా చెయ్యి నొక్కారు. నేను ఫోను కలిపి, స్పీకరులో పెట్టి, టాబ్లెట్టు పక్కన ఉంచాను.

"ఆ వదినా, వస్తున్నా, ఏం తేవాలి? పాలా?" అన్నాడు మరిది అవతలినుంచి.

మా ఆయన ఒక్క వేలితో టైపు చేసి ఉంచుకున్న మాటని మీట నొక్కి వదిలారు.

"ఒరేయ్, కొట్టు కట్టేసి ఇంటికి రా. కలిసి తిందాం."

ఆయనే. అచ్చం ఆయనే. బొంగురు కూడా లేదు, వాళ్ళేం చేశారో గాని పాత గొంతే. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. అవతల మాత్రం ఏమీ వినపడలేదు. పక్క కొట్టులో దర్జీ మిషను చప్పుడు ఒక్కటే వస్తోంది. పెట్టేశాడేమోనని ఫోను చూశాను. లేదు, లైనులోనే ఉన్నాడు.

చాలాసేపటికి, "అన్నయ్యా" అన్నాడు. 

"అన్నయ్యా, ఇంకోసారి అను."

మా ఆయన మళ్ళీ నొక్కారు.